గుండీల డబ్బాలో మాత్రలు

అత్తగారు సూదిలో దారం ఎక్కించడం చూడటానికే కొందరు దుకాణంలో కాసేపు నిలబడేవారు. దారం కొసను పెదవుల మధ్య ఒకసారి తడిపి, వేళ్ళతో నులిమి, ఎదుటి మనిషితో మాట్లాడుతూనే బెజ్జంలోకి పంపేసేది. చూపు ఎక్కడో, చెయ్యి ఎక్కడో. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన కొత్తలో కోడలు అది చూసి, బడిలో తన మూడో తరగతి పిల్లలకు కథలా చెప్పింది. పిల్లలు నమ్మలేదు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం గ్లాసుతో నీళ్ళు తెమ్మంది. తాగడానికనుకుని కోడలు తెచ్చి ఇచ్చింది. ఆవిడ అందులో దారం కొసను ముంచింది. ఎంత ప్రయత్నించినా దారం బెజ్జం పక్కనుంచే పోయింది. సూదిని సూదుల దిండుకు గుచ్చి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇంటి ముందు గదే దర్జీ దుకాణం. మామగారు నిలబడి కోసేవారు, ఆవిడ కూర్చుని కుట్టేది. కోసే బల్లకీ కుట్టు మిషనుకీ మధ్య నాలుగడుగులు కూడా ఉండవు. అమ్మా నాన్నల కాపురమంతా ఆ సందులోనే జరిగిపోయిందని ఆడపడుచు నవ్వుతుండేది. మామగారు పోయి ఏడాది కావస్తోంది. బల్ల మీద ఆయన టేపు ఆయన చుట్టిపెట్టినట్టే ఉంది. దాన్ని ఎవరూ విప్పలేదు. కొలతలకు ఇంకో టేపు కొన్నారు.

ఆయన కోసిన చివరి గుడ్డ అలమర పై అరలో, పాత దుప్పట్లో చుట్టి ఉంది. నల్ల కోటు. కూతురి లా చదువు ముగింపుకొచ్చిన రోజుల్లో ఆయనే స్వయంగా వెళ్ళి గుడ్డ తెచ్చారు, కూతుర్ని నిలబెట్టి కొలతలు తీశారు, సుద్దతో గీశారు, కోశారు. తర్వాత ఆసుపత్రికి వెళ్ళారు. కుట్టడం ఆవిడ వంతు. ఆవిడ చాలా రోజులు ఆ మూట ముట్టుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ముట్టుకోక తప్పదు. ఇన్నాళ్ళూ సీనియరు లాయరు వెనక ఫైళ్ళు మోసిన ఆడపడుచు, ఇంకో రెండు నెలల్లో మొదటిసారి తనే లేచి ఒక కేసు వాదించబోతోంది. పైగా సుద్ద ఊరికే ఉండదు. మడతలు పడిన చోటల్లా గీతలు కొద్దికొద్దిగా రాలిపోతున్నాయి. గీతలు పోతే ఆయన కోసిన గుడ్డ మిగులుతుంది గానీ, ఆయన ఏమనుకుని కోశారో అది మిగలదు.

"కొన్న కోటు వేసుకుంటాలేమ్మా," అంది ఆడపడుచు. "జడ్జిగారు కోటు తిరగేసి లోపలి కుట్టు చూడరు."

"దర్జీ ఇంట్లో పుట్టి కొన్న కోటట! మీ నాన్న వింటే లేచొచ్చి నీ వీపు మీద స్కేలు విరగ్గొడతారు," అంది అత్తగారు. ఆ తర్వాత ఎవరి వైపూ చూడకుండా మిషనుకు నూనె వేసింది.

నిజానికి ఆవిడకు మొదట వచ్చిన జబ్బు కళ్ళది కాదు. మిషను ముందు కూర్చున్నాక కుట్టు మధ్యలో లేవడం ఆవిడకు నామోషీ. ఎంత అవసరమైనా బిగబట్టుకుని ఆ వరస పూర్తిచేశాకే లేచేది. నీళ్ళు తాగకపోతే లేవాల్సిన పనే ఉండదని తనకు తానే కనిపెట్టి, అదో తెలివితేటగా చెప్పుకునేది. బడిలో టీచర్లు చేసే పనీ అదే కాబట్టి కోడలు ఏమీ అనలేకపోయింది.

ఆ బిగబట్టడాలన్నీ కలిసి ఒక వానాకాలం చలిజ్వరంగా, మూత్రంలో మంటగా బయటపడ్డాయి. డాక్టరమ్మ యూరిన్ టెస్టు చేయించి, ఇన్ఫెక్షనని యాంటీబయోటిక్ రాసింది. రెండో రోజుకే మంట తగ్గింది.

"తగ్గిందిగా, ఇంకా ఎందుకమ్మా అవి?" అన్నాడు కొడుకు.

"చేతులు అతికించకుండా చొక్కా ఇచ్చేస్తామట్రా?" అని, ఆవిడ చివరి మాత్ర దాకా మింగింది.

ఇన్ఫెక్షన్ పోయింది గానీ మాటిమాటికీ మూత్రానికి లేవాలనే తొందర పోలేదు. కాలు మిషను మీద ఉండగానే ఉన్నపళంగా లేవాల్సి వచ్చేది. స్నానాల గది తలుపు దాకా వెళ్ళేలోపు ఒక్కోసారి బట్టలు తడిసేవి. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. వాషింగ్ మెషీన్ ఉండగా తన బట్టలు తనే చేత్తో ఉతుక్కోవడం మొదలుపెట్టింది. అదేమిటని కోడలు అడిగితే, "చేతులకు పని లేకపోతే తోచదమ్మాయ్," అంది. పగలంతా కుట్టే మనిషికి చేతులకు పని లేకపోవడమేమిటి? కోడలు అత్తగారి మంచం మీద ఒక రబ్బరు గుడ్డ పరిచి, దాని మీద మామూలుగా దుప్పటి వేసింది. అత్తగారు ఆ దుప్పటిని వేలితో నొక్కి చూసింది. మర్నాడు తనే, "పద, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొద్దాం," అంది.

ఆ రోజు కొడుకు కూడా వెంట వెళ్ళాడు. "ఏం పని చేస్తుంటారు?" అని డాక్టరమ్మ అడిగితే అతనే జవాబు చెప్పాడు.

"ఇంట్లోనే ఉంటారండి."

అబద్ధం కాదు. దుకాణం ఇంట్లోనే ఉంది. కొడుకు ముందు ఈ మాటలన్నీ త్వరగా ముగిస్తే చాలని ఆవిడా తలూపింది.

మూత్రాశయం సరిగా నిండకముందే పిండుకుంటోందనీ, ఈ మాత్ర దాన్ని కాస్త నెమ్మదింపజేస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. "నోరు ఎండవచ్చు, చూపు కొంచెం మసకగా అనిపించవచ్చు. ఏ ఇబ్బంది వచ్చినా వెంటనే వచ్చి చెప్పండి," అంది. అత్తగారి మనసులో ఉన్నది ఒక్కటే, ఎప్పుడు లేచి బయటపడదామా అని.

మాత్ర పనిచేసింది. ఆ మాట ఒప్పుకుని తీరాలి. చొక్కా గుండీకంటే చిన్నది, తెల్లది, రుచీ పచీ లేనిది. అది కడుపులో పడ్డ కొన్నాళ్ళకే అత్తగారు ఒక చొక్కా మొదలుపెట్టి, ఒక్కసారి కూడా ఉలిక్కిపడి లేవకుండా కాజాల దాకా వచ్చింది. పక్క వీధికి నడిచి వెళ్ళి లైనింగు గుడ్డ కొనుక్కొచ్చింది.

"తోవలో ఎక్కడ ఎవరింట్లో బాత్‌రూమ్ ఉందా అని లెక్కలు వేసుకోకుండా నడిచాను. ఎంత హాయిగా ఉందో నీకు చెప్పినా తెలీదు," అంది కోడలితో.

నోరు ఎండిపోవడం ఆ తర్వాత వచ్చింది. మాట్లాడితే నాలుక అంగిలికి అతుక్కునేది. పిప్పరమెంటు చప్పరిస్తూ నెట్టుకొచ్చింది. దగ్గరి చూపు అలుక్కుపోయినట్టయింది. వయసని కొడుకు అన్నాడు. ఆయన పోయిన దిగులని చుట్టుపక్కల వాళ్ళు అన్నారు. డాక్టరమ్మ మాట ఎవరికీ గుర్తు రాలేదు. కళ్ళద్దాల దుకాణంలో అన్నీ పెట్టి చూసి, "పాత నంబరే దాదాపు సరిపోయిందమ్మా," అన్నారు. అయినా కొత్త జోడు కొన్నారు. ప్రయోజనం లేదు.

దారం గ్లాసు నీళ్ళలో ముంచింది ఆ రోజుల్లోనే. మర్నాడు ఆవిడ నల్ల గుడ్డ మూట దింపించి, బల్ల మీద పరిచి, వంగి చూసింది.

"ఆయన గీతలు రెండేసి కనబడుతున్నాయమ్మాయ్. ఏ గీత పట్టుకుని కుట్టను?"

ఆవిడే మళ్ళీ అంది, "ఈ ఆదివారం ఈ మూట దర్జీ పెద్ద మేస్త్రికి ఇచ్చిరా. మీ మామయ్య స్నేహితుడే. చెయ్యి మంచిది." ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో తేడా ఏమీ లేదు. దుప్పటి మడత పెట్టడానికి మాత్రం మామూలుకంటే ఎక్కువసేపు పట్టింది.

ఆదివారం వచ్చేసరికి, "ఉండు, కొన్నాళ్ళు చూద్దాం," అంది. ఆ వారంలోనే మిషను మళ్ళీ ఆడటం మొదలైంది. కోటు లోపలి జేబులు పూర్తయ్యాయి. దారం ఎప్పటిలాగే ఒక్క ప్రయత్నానికి ఎక్కుతోంది. కొత్త కళ్ళజోడు మహిమ అని కొడుకు నలుగురికీ చెప్పుకున్నాడు.

ఒక పొద్దున అతని చొక్కా గుండీ ఊడింది. ఆఫీసుకు వేళయిందని గోల. కోడలు పరుగున వెళ్ళి గుండీల డబ్బా తెరిచింది. నాలుగు బెజ్జాల తెల్ల గుండీల మధ్య బెజ్జాల్లేని తెల్ల గుండీలు కొన్ని కనబడ్డాయి.

ఆమె భర్తకు వేరే చొక్కా ఇచ్చి పంపేసింది. ఆ బెజ్జాల్లేని గుండీలను అరచేతిలో వేసుకుని ముందు గదిలోకి వచ్చింది.

"అత్తయ్యా, వీటికి దారం ఎటునుంచి ఎక్కిస్తారు?"

మిషను ఆగింది. ఆవిడ ఆమె అరచేతిలోకి చూసి, "ముందు ఆ తలుపు దగ్గరగా వెయ్యి," అంది.

కోడలు తలుపు వేసింది.

"ఒకసారి మర్చిపోయి మాత్ర వేసుకోలేదు. ఆ సాయంత్రం దారం చటుక్కున ఎక్కింది. అప్పుడు తెలిసింది, పాపం నా కళ్ళది కాదని."

"మరి డాక్టరమ్మతో చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? వేసుకుంటే కళ్ళు పోతాయి, మానేస్తే పరువు పోతుంది. రెండూ నాకే కావాలంటే ఎవరిస్తారు? కోటు అయ్యేదాకా మానేస్తాను. తర్వాత జీవితమంతా మింగుతూ కూర్చుంటాను. అప్పుడిక కళ్ళతో ఏం పని?"

కోడలు గదంతా చూసింది. ఆవిడ కూర్చున్న స్టూలు మీద తువ్వాళ్ళు మడతలు పెట్టి పరిచి ఉన్నాయి. పొద్దున తను నింపి పెట్టిన నీళ్ళ సీసా మూత కూడా తీయకుండా అలాగే ఉంది. ఆవిడ మొహం ఎర్రగా ఉంది. చెయ్యి పట్టుకుంటే కాలింది.

"మంటగా ఉందా?"

ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని మిషను మీది గుడ్డ సర్దింది.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి. కాస్తే."

"లేవండి. చెప్పులు వేసుకోండి."

"కాలరు సగంలో ఉందే."

"కాలరుకు కాళ్ళు లేవు, ఎక్కడికీ పోదు. లేవండత్తయ్యా."

"అబ్బో, నన్ను మూడో తరగతిలో వేసుకున్నావా?"

"మూడో తరగతి వాళ్ళు నయం. బలపాలు మింగుతారు గానీ మందులు దాచరు."

అత్తగారికి నవ్వొచ్చింది. నవ్వుతోనే లేచింది, లేచేటప్పుడు మాత్రం నడుం పట్టుకుంది.

ఈసారి ఆసుపత్రికి ఇద్దరే వెళ్ళారు. కోడలు కూర్చోకముందే చెప్పేసింది. "ఈవిడ దర్జీ అండి. ఇప్పుడు నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కోటు కుడుతున్నారు. ఆ మాత్రలతో చూపు మసకబారిందని మానేశారు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఇంట్లోనే ఉంటారన్నారే?"

"ఇంట్లోనే కుడతాను," అంది అత్తగారు.

డాక్టరమ్మ కొంచెంసేపు ఆవిడ వేళ్ళ వైపు చూసింది. చూపుడు వేలి చివర సూది పోట్లతో గట్టిపడి ఉంది. "ఇంట్లో ఏం చేస్తారని నేను ఇంకో మాట అడగాల్సింది," అంది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. నీళ్ళు మానేస్తే తొందర తగ్గదు, మూత్రం చిక్కబడి లోపల ఇంకా రేగుతుంది, ఇన్ఫెక్షన్‌కు దారి చేసినట్టవుతుంది. ముందు పరీక్ష, దానికి తగిన మందు. అది తగ్గాక తొందరకు వేరే రకం మాత్ర. "ఇది వేరే దారిలో పనిచేస్తుంది. మామూలుగా నోటి జోలికీ కళ్ళ జోలికీ పోదు. బీపీ మాత్రం చూపించుకుంటూ ఉండాలి. పూర్తిగా పట్టు దొరకడానికి కొన్ని వారాలు పడుతుంది, తొందరపడకండి. పాత మాత్ర చెడ్డదని కాదమ్మా. చాలామందికి బాగానే ఉంటుంది. మీ పనికి నప్పలేదు."

"తెలుసు డాక్టరమ్మా. గుడ్డ మంచిదే, ఒంటికి కుదరలేదు," అంది అత్తగారు. "మా పనిలో మొదటిసారే ఎవరికీ సరిపోదు. అందుకే కచ్చా కుట్టు వేసి తొడిగి చూస్తాం, పట్టేసిన చోట విప్పుతాం. ఏ ఇబ్బంది వచ్చినా రమ్మని మీరు చెప్పారు. నేనే తొడుక్కుని చూపించడానికి రాలేదు."

డాక్టరమ్మ నవ్వింది. "అయితే ఇదీ కచ్చా కుట్టే అనుకోండి. రెండు వారాల్లో వచ్చి చూపించండి." ఉన్నపళంగా పరుగెత్తకుండా, వేళ పెట్టుకుని లేవడం, ఆ వేళను మెల్లమెల్లగా సాగదీయడం కూడా నేర్పింది. బిగబట్టడం వేరు, అలవాటు చేయడం వేరని రెండుసార్లు చెప్పింది.

ఇద్దరు పనివాళ్ళు ఒకరి పనితనం ఒకరు చూసుకుంటున్నట్టుగా అనిపించింది కోడలికి.

ఇన్ఫెక్షన్ తగ్గింది. కొత్త మాత్ర మొదలైంది. అత్తగారు గడియారాన్ని నమ్మలేదు, కోటునే గడియారం చేసుకుంది. మొదట ఒక జేబు మూత కాగానే లేచేది. తర్వాత మూతా, దాని పై కుట్టూ అయ్యాక. ఆ తర్వాత ఒక చెయ్యి మొత్తం. లేచిన ప్రతిసారీ సీసాలోంచి నీళ్ళు తాగేది, తాగాక సీసాను వెలుతురులోకి ఎత్తి, గుడ్డ ఎంత మిగిలిందో చూసుకున్నట్టు చూసుకునేది. బీపీకి కోడలే తీసుకెళ్ళేది. ఒకటి రెండుసార్లు బట్టలు తడిశాయి. ఈసారి ఆవిడ వాటిని దాచలేదు, "ఇవి నీ మెషీన్‌లో వెయ్యి," అని చేతికిచ్చింది. ఆ మాట కోడలికి ఒక బహుమానంలా అనిపించింది. బడిలో ఆమె కూడా బల్ల మీద నీళ్ళ సీసా పెట్టుకుని తాగడం మొదలుపెట్టింది. మిగతా టీచర్లు వింతగా చూసి, తర్వాత ఒక్కొక్కరే సీసాలు తెచ్చుకున్నారు.

చూపు తేటపడింది. గీతలు ఒకటొకటిగా ఒక్కటయ్యాయి. కుడి భుజం దగ్గర తప్ప.

"ఇలా రా అమ్మాయ్. ఇక్కడ నీకు ఎన్ని గీతలు కనబడుతున్నాయి?"

కోడలు వంగి చూసింది. "రెండు."

"ఎడమ భుజం మీద?"

"ఒకటే."

అత్తగారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది. గీతలు రెండే. ఒకటి ఎడమ భుజానికి సరిగ్గా జోడీ. రెండోది దానికి వేలి మందం కింద, మరీ పలచగా. "ఆయన ఒకసారి గీస్తే మళ్ళీ గీయరు. ఎన్నడూ గీయలేదు," అంది. ఇంకా వంగి చూసి, "అప్పటికే చెయ్యి వణికేదేమో," అంది.

కొలతలు ఆయన తలలోనే ఉండేవి. అడగడానికి ఆయన లేరు. పై గీత మీద కుడితే రెండు భుజాలూ సమంగా ఉంటాయి. ఏ దర్జీ అయినా అదే చేస్తాడు. ఆవిడ ఆ గీతల మీద చెయ్యి ఆనకుండా, గుడ్డకు కాస్త పైన వేలు ఆడిస్తూ కూర్చుంది. తర్వాత తెల్ల దారం తీసుకుని, కింది గీత మీద కచ్చా కుట్టు వేసింది.

సాయంత్రం ఆడపడుచు వచ్చింది. భుజానికి వేలాడుతున్న పుస్తకాల సంచీ కింద పడేసి, అద్దం ముందు నిలబడి కోటు తొడుక్కుంది.

"సరిగ్గా నిలబడవే."

"సరిగ్గానే నిలబడ్డానమ్మా."

"కుడి భుజం దించావు."

"దించలేదు. నేనుండటమే అంత. వదినా, నువ్వు చెప్పు."

కోడలు చూసింది. చదువుకున్నన్నాళ్ళూ, ఆ తర్వాతా లావుపాటి పుస్తకాలూ ఫైళ్ళూ మోసిన కుడి భుజం, ఎడమదానికంటే వేలి మందం దిగువన ఉంది. ఎదురుగా చూస్తే తెలియదు. వెనకనుంచి, టేపు పట్టుకుని నిలబడ్డ మనిషికి మాత్రమే తెలుస్తుంది. కోటు ఆ భుజం మీద ఒక్క ముడత లేకుండా కూర్చుంది.

అత్తగారు కూతురి వెనక్కి వచ్చి, రెండు భుజాల మీదా చేతులు వేసి అలాగే నిలబడింది.

"ఆయన చూశారు," అంది చివరికి. "చూసి మళ్ళీ గీశారు. నాకు చెప్పనైనా లేదు."

ఆడపడుచు అద్దంలోకి చూస్తూ, "ఏమిటమ్మా?" అంది.

"ఏం లేదు. ఊపిరి బిగపట్టకు, చంకలో పట్టేస్తుంది."

పై గీతను ఆవిడ దులపలేదు. లైనింగు దాని మీద కప్పి కుట్టేసింది.

కేసు రోజున కోడలు బడికి సెలవు పెట్టి అత్తగారి వెంట కోర్టుకు వెళ్ళింది. తలుపుకు దగ్గరగా, బెంచీ చివర చోటు చూసి కూర్చోబెట్టింది.

"అత్తయ్యా, బాత్‌రూమ్..."

"వచ్చేటప్పుడే చూసుకున్నాను, మెట్ల పక్కన. నువ్వు నన్ను చూడకు, అటు చూడు."

ఆడపడుచు లేచింది. మొదటి వాక్యంలో గొంతు తడబడింది. ఒక చెయ్యి కోటు రెండో గుండీని పట్టుకుని తిప్పుతూనే ఉంది. మెల్లగా గొంతు నిలదొక్కుకుంది. జడ్జిగారు ఏదో అడిగారు, ఆమె చెప్పింది. అవతలి లాయరు లేచాడు, కూర్చున్నాడు. ఆమె మళ్ళీ లేచింది. వాదన చాలాసేపు సాగింది. అత్తగారు కదల్లేదు. ఆవిడ చూపు కూతురి మొహం మీదా లేదు, జడ్జిగారి మీదా లేదు. కుడి భుజం మీద ఉంది.

బయట వరండాలోకి వచ్చాక ఆడపడుచు మొహమంతా చెమట. "తీర్పు వచ్చే వారం. ఎలా మాట్లాడానమ్మా?"

"మాటల సంగతి నాకేం తెలుసు? చెయ్యి ఎత్తినప్పుడు కోటు పైకి లేవలేదు." ఆవిడ దగ్గరికి జరిగి చూసింది. "గుండీ మాత్రం తిప్పి తిప్పి చంపేశావు."

రెండో గుండీ ఒక్క దారం మీద వేలాడుతోంది. అత్తగారు సంచీలోంచి సూదీ, నల్ల దారమూ తీసింది. దారం కొసను పెదవుల మధ్య తడిపింది. వేళ్ళతో నులిమింది. కూతురి మొహంలోకి చూస్తూనే బెజ్జంలోకి పంపేసింది.

"ఇక్కడా? అందరూ చూస్తున్నారమ్మా."

"చూడనీ. కదలకు, గుచ్చుకుంటుంది."